తెరకు వీపు పెట్టిన ఊరు

ఆ పొద్దున ఆకాశం ఉతికి ఆరేసిన పంచెలా ఉంది. దాని మీద మరకంటూ ఉంటే ఉత్తరాన గుట్టల పైన ఒక మబ్బు తునక. వచ్చేదీ తేల్చదు, పోయేదీ తేల్చదు. లోపలికి రమ్మన్నా రాకుండా గడపలోనే నిలబడి కబుర్లు చెప్పే చుట్టంలా ఉండిపోయింది. మాలకొండయ్య నోట్లో వేపపుల్లతో వాకిట్లో నిలబడి దాన్నే చూస్తున్నాడు. కంది విత్తాలా ఆగాలా అన్నది ఆ మబ్బు చేతిలో ఉంది. మబ్బుకు తొందర లేదు. మాలకొండయ్యకూ లేదు.

అంతలో మెట్ట మీద దుమ్ము లేచింది. దుమ్ములోంచి జీపు వచ్చింది. జీపులోంచి తెల్లచొక్కా మనిషి ఒకాయన దుమ్ముకొట్టుకుని ఎర్రచొక్కాతో దిగాడు. కళ్ళద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని, నిలువుగా నిలబడి అడిగాడు.

"ఈ గ్రామమునందు పూర్వము 'మెట్టదారి' అను చలనచిత్రము చిత్రీకరింపబడినట్లు మా దృష్టికి వచ్చినది. సదరు చిత్రమును తమరు వీక్షించియున్నారా?"

మాలకొండయ్య పుల్ల తీశాడు. "చూడలా."

"తమ కుటుంబ సభ్యులు?"

"చూడలా."

"గ్రామస్థులలో ఏ ఒక్కరైనా?"

"ఎట్టా చూస్తారయ్యా? అది ఇటుపక్కకి వస్తే గదా!"

ఆ మాటకు ఆ అధికారి కళ్ళు చెమర్చాయి. ముందుకొచ్చి మాలకొండయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆఫీసు భాష జారిపోయింది. "నాలుగు జిల్లాలు తిరిగానండీ. ఏ సినిమా పట్టుకున్నా ఎవడో ఒకడు చూసేసి ఉంటాడు. తీసిన ఊళ్ళోనే ఎవరూ చూడని సినిమా ఇన్నాళ్ళకి దొరికింది."

కంచెకు అవతల ఎద్దుకు చొప్ప వేస్తున్న గురవయ్య చెయ్యి ఆగింది. చెవి ఇటు తిరిగింది. మనిషి మాత్రం తిరగలేదు.

తిరగకపోవడానికి కారణం ఆ సినిమానే.

ముప్పై ఏళ్ళ కిందట సినిమావాళ్ళు ఈ ఊరొచ్చినప్పుడు, మాలకొండయ్యా గురవయ్యా కుర్రాళ్ళు. గురవయ్య చెల్లెలు వెంగమ్మ అప్పటికే మాలకొండయ్య భార్య. బావా అంటే బావా అనుకుంటూ ఒకే చుట్టను చెరో దమ్ము పీల్చుకునేవాళ్ళు. గడ్డం పెంచుకున్న డైరెక్టరు వచ్చి, మెట్టదారిలో రెండు బండ్లు పక్కపక్కన తోలాలి అన్నాడు. ఇద్దరూ ఒంగోలు జతలు కట్టి తోలారు. ఆ గడ్డం మనిషి కెమెరా వెనకనుంచి లేచి, "ఒక జత బాగా పడింది, చాలు," అని వ్యానెక్కి వెళ్ళిపోయాడు. ఏ జతో చెప్పలేదు.

వ్యాను మలుపు తిరగకముందే తగువు మొదలైంది. పడింది నా జతంటే నా జతని. సినిమా వస్తే తేలుతుందిలే అనుకున్నారు. అది ఎక్కడో పట్నంలో ఒక పొద్దుటాట ఆడింది. మధ్యాహ్నానికి ఆ హాల్లోకి ఇంకో సినిమా వచ్చి కూర్చుంది. తేలలేదు. తగువు ఎద్దుల మీదనుంచి ఎద్దుల తల్లుల మీదకు, అక్కడినుంచి మనుషుల తల్లుల మీదకు పోయింది. ఆ రోజునుంచి మాటల్లేవు.

మాటల్లేవు గానీ కూడు ఒక్కచోటే. భార్య పోయాక గురవయ్య రెండుపూటలా చెల్లెలి ఇంట్లోనే తింటాడు. ఒక పీట తూర్పు గోడకి, ఒక పీట పడమటి గోడకి. ఇద్దరి వీపుల మధ్య వెంగమ్మ.

"వెంగమ్మా, కంది ఎప్పుడు ఇత్తుతాడో అడుగు మీ ఆయన్ని."

"వాన పడ్డాక అని చెప్పు మీ అన్నకి."

"వాన పడ్డాక గొడ్లు కూడా ఇత్తుతయ్. అందులో ఈయన తెలివేందో అడుగు."

"నా గొడ్ల మొకాలే సినిమాలో పడ్డయ్. ఆయన గొడ్లవి పడలేదని చెప్పు."

"నా సంగటి సల్లారిపోతందిరా దేముడా!" అని వెంగమ్మ ఇద్దరినీ కలిపి తిట్టేది. ఇటుమాట అటు, అటుమాట ఇటు చేరవేసేసరికి ఆమె కంచంలో సంగటి గట్టిపడి గుండులా అయ్యేది.

ఈ సంగతులేవీ ఎరగని అధికారి నులకమంచం మీద కూర్చుని, వెంగమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, తన సంగతి చెప్పాడు. పేరు శేషావతారం. మరుగునపడిన మంచి చిత్రాల సిఫారసు మండలిలో సహాయ సిఫారసు అధికారి. జనమంతా ఎప్పుడూ ఒకే సినిమా మీద పడుతున్నారు, చిన్నవాళ్ళు తీసిన మంచి సినిమాలు చూసే దిక్కులేక పోతున్నాయి, వాటిని వెతికి జనానికి చెప్పాలి అని ప్రభుత్వం ఆ మండలిని పెట్టింది.

"మంచి పనే గదయ్యా," అన్నాడు మాలకొండయ్య.

"మంచి పనేనండీ. అక్కడే వచ్చింది చిక్కు. మొదటి సినిమా సిఫారసు చేశాం. జనం చూశారు. బాగుందని ఇంకో పదిమందికి చెప్పారు. హాళ్ళు నిండిపోయాయి. మేం మాకే దండలు వేసుకున్నాం. ఆ దండలు వాడకముందే ఆడిటు వాళ్ళు వచ్చారు." శేషావతారం గొంతు మార్చాడు. "'ఎవరును చూడని చిత్రమని సిఫారసు చేయబడిన సదరు చిత్రమును లక్షలాదిమంది చూచినట్లు తెలియవచ్చుచున్నది. కావున సిఫారసు అసత్యమని తేలుచున్నది. బాధ్యులెవరు?' ఇదండీ ప్రశ్న. బాధ్యుణ్ణి చేపల శాఖకు మార్చారు. రెండో సినిమా కూడా జనానికి నచ్చింది. ఇంకొకాయన చేపలకు పోయాడు. అప్పుడు నిబంధన వచ్చింది. సిఫారసు చేయబడిన చిత్రము సిఫారసు అనంతరము కూడా మరుగుననే ఉండవలెను."

"అంటే?"

"చూడమని చెప్పాలి. చూడనివ్వకూడదు."

మాలకొండయ్య పుల్ల మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. ఇలాంటి మాటకు పుల్ల అవసరం.

మండలి ఊరుకోలేదు. పోస్టర్లు బొమ్మవైపు గోడకు తిప్పి అంటించింది. ఆట అయిపోయిన మర్నాడు ఆట ఉందని మైకులో చెప్పించింది. టిక్కెట్లిచ్చేవాడికి శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టింది. ఎవరైనా వస్తే, "ఇంటికాడ ముసల్ది ఒక్కతే ఉంటది గదా, పో నాయనా, పో," అని వాడు కన్నీళ్ళు పెట్టుకునేవాడు. ఇన్ని చేసినా చొరబడి చూసినవాళ్ళను మరపు శిబిరానికి పంపేవారు. అక్కడ పొద్దస్తమానం వేరే సినిమాలు చూపించి, ఈ సినిమాలో కథానాయకుడు ఆ సినిమాలో విలన్ కూతుర్ని పెళ్ళాడాడు అని వాళ్ళంతట వాళ్ళే చెప్పేదాకా ఉంచి, మరచినట్లు ధ్రువపత్రం ఇచ్చి ఇంటికి పంపేవారు.

"మరి బాగుందో లేదో మీకెట్టా తెలుస్తది?" అంది గుమ్మంలోంచి వెంగమ్మ.

"మా ఎంపిక సంఘం తెరకు వీపు పెట్టి కూర్చుంటుందమ్మా. వీపుతో చూస్తే చూసినట్టు కాదు. మంచి చిత్రమైతే వీపు జలదరిస్తుంది. మావాళ్ళవి చాలా అనుభవం ఉన్న వీపులు." ఇక్కడ శేషావతారం గొంతు గర్వంతో నిండింది. "'మెట్టదారి'కి ముగ్గురి వీపులు జలదరించాయి. నాలుగో ఆయనకు చెమటకాయలు, ఆ వీపును పక్కన పెట్టాం. రాష్ట్రంలోకెల్లా చూడదగిన, రాష్ట్రంలోకెల్లా చూడబడని చిత్రం మీది. పుట్టినచోట ఒకసారి ఆడించి సన్మానించాలని రూలు. శుక్రవారం రీళ్ళు తెస్తున్నాం."

మాలకొండయ్య గుండె ఒక్కసారి ఎద్దుగిట్ట జారినట్టు జారింది. కంచె అవతల చొప్పకట్ట కిందపడిన చప్పుడైంది.

"దాంట్లో ఎద్దులుంటయ్యా?" అన్నాడు మెల్లగా.

"చూడలేదండీ," అన్నాడు శేషావతారం భయంగా. "చూస్తే నేనూ చేపలకే."

శుక్రవారం ఊరికి వెలుతురు లేని చోటు కావాల్సి వచ్చింది. పొగాకు గోడౌను ఖాళీ చేసి, తలుపు సందుల్లో గోనెలు కుక్కారు. ఒక కొసన తెర కట్టారు. దాని ఎదురుగా కుర్చీలు వేశారు, తెరకు వీపు పెట్టి. పొగాకు ఘాటుకు ఊరంతా తుమ్ముతోంది. తుమ్మేటప్పుడు తల పక్కకు తిరగకూడదని మండలివాళ్ళు తిరిగి తిరిగి చెప్తున్నారు.

మండలి అధ్యక్షులవారు మెడలో బంతిపూల దండతో లేచారు. "సోదర సోదరీమణులారా! 'మెట్టదారి' ప్రతి ఒక్కరూ విధిగా చూడదగిన చిత్రము. కనుక దీనిని ఎవరును చూడకుండా కాపాడుకొనుట మనందరి కర్తవ్యము!"

చప్పట్లు అయ్యాక సోడాకొట్టు దస్తగిరి లేచాడు. "అయ్యా, చూడకూడనిదానికి మేం రావటం ఎందుకు? ఇంటికాడుండి కూడా చూడకుండా ఉండగలంగా!"

"అదెట్లా కుదురుతుంది?" అన్నారు అధ్యక్షులవారు బాధగా. "జనమే లేనిచోట, జనము చూడలేదని ఏ విధముగా నమోదగును?"

దస్తగిరి ఆలోచించి, అర్థమైనట్టు తల ఊపి కూర్చున్నాడు. అర్థమైనందుకు తనమీద తనకే అనుమానం వచ్చి మళ్ళీ లేచాడుగానీ, పక్కవాడు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

ప్రొజెక్టరు నడిపేవాడికి కళ్ళకు గంతలు కట్టారు. అంతా సిద్ధమయ్యాక ఒక సంగతి బయటపడింది. జనం తల తిప్పకుండా చూడాల్సిన పోలీసులు జనానికి ఎదురుగా నిలబడ్డారు. అంటే తెరకీ ఎదురే. వాళ్ళను తెరకు వీపు పెట్టమన్నారు. పెట్టారు. ఇప్పుడు వాళ్ళకు గోడ తప్ప జనం కనపడరు. పోలీసుల్ని చూడటానికి గుమాస్తాల్ని పెట్టారు. గుమాస్తాలు కూడా తెరకెదురే అయ్యారు. వాళ్ళనూ తిప్పారు. చివరకు గోడౌనులో మనిషన్నవాడల్లా ఒకేవైపు చూస్తూ, ఎవరినీ ఎవరూ చూడకుండా అయింది.

"కాపలాకు ఎవరో ఒకరు ఎదురు కూర్చోక తప్పదు," అన్నారు అధ్యక్షులవారు గోడతో. "రూలేమన్నది?"

శేషావతారం కాగితం తీశాడు. "'అట్టి పరిస్థితిలో పరస్పర సంభాషణ లేని ఇద్దరు స్థానికులను సాక్షులుగా నియమించవలెను. ఇద్దరు సాక్షులును ఒకే విషయమును చెప్పిననే గాని, ఒక దృశ్యము చూడబడినట్లు భావించరాదు.' ఈ ఊళ్ళో ఎప్పటికీ మాట్లాడుకోని ఇద్దరు మనుషులు ఎవరైనా ఉన్నారా?"

గోడౌను రేకులు ఎగిరిపోయేంత కేక లేచింది. "మాలకొండయ్య మామా! గురవయ్య తాతా! లెగండి, లెగండి, ఇన్నాళ్ళకి పనికొచ్చారు!"

ఇద్దరినీ తెచ్చి జనానికెదురుగా ఒక బల్ల మీద చెరో కొసన కూర్చోబెట్టారు. శేషావతారం తెర వైపు చూడకుండా వంగి వాళ్ళ చెవుల్లో చెప్పాడు. "చూపు జనం మీదే ఉండాలి. పొరపాటున తెర మీద పడినా, అడిగినప్పుడు మీరొకటి చెప్పండి, ఆయనొకటి చెప్తాడు. సరిపోతుంది. మీ తగువు ఏ మాత్రం తగ్గకుండా చూసుకోండి. ప్రభుత్వం తరఫున వేడుకుంటున్నాను."

"దానికేం లోటు లేదని చెప్పవయ్యా ఆయనకి," అన్నాడు గురవయ్య.

"నాకు ఇనపడిందని చెప్పు," అన్నాడు మాలకొండయ్య.

శేషావతారం మురిసిపోయాడు.

దీపాలార్పారు. మిషను గిరగిర తిరిగింది. వెలుతురు జనం తలల మీదుగా పోయి తెర మీద పడింది. ఊరు ఊరంతా తెరకు వీపు పెట్టి, కళ్ళార్పకుండా ఆ ఇద్దరి మొహాల్నే చూస్తోంది. తెర మీద ఏం ఆడితే అది ఆ మొహాల మీద ఆడుతుందని అందరి ఆశ. ఆశ పెట్టుకోవడానికి అంతకంటే పనికిరాని రెండు మొహాలు ఆ తాలూకాలో లేవు.

"ఏమన్నా కదిలిందా?" వెనకనుంచి ఒక ఆడగొంతు.

"మాలకొండయ్య మామకి మీసం కదిలింది."

"అది ఈగే!"

తెర మీద మబ్బు ఉంది. గుట్టల మీద ఒకే ఒక్క మబ్బు, వచ్చేదీ పోయేదీ తేల్చకుండా. ఆ మబ్బును చాలాసేపు చూపించారు. ఇదేం సినిమా, ఇది రోజూ మా వాకిట్లో ఆడేదే గదా అనుకున్నాడు మాలకొండయ్య. అయినా కళ్ళు తిప్పలేకపోయాడు. తర్వాత ఒక ముసలామె బావి దగ్గర బిందె పెట్టి నిలబడింది. తర్వాత గాలికి ఊగే సజ్జకంకులు. తర్వాత ఖాళీ దారి.

మెట్టదారి.

మాలకొండయ్య చేతులు తనకు తెలియకుండానే మోకాళ్ళను పట్టుకున్నాయి. బల్ల రెండో కొస కిర్రుమంది. దారి చివర ఏదో కదిలింది. దుమ్ము లేచింది. రెండు బండ్లు తోలిన దుమ్ము గదా, అది మామూలుగా లేవలేదు; గుట్టల్ని మింగింది, మబ్బును మింగింది, తెరనంతా నింపింది. ఆ దుమ్ములో ఒక కొమ్ము మొన మెరిసి మాయమైంది. ఎవరిదైనా కావచ్చు. చక్రం ఒకటి తిరిగింది. ఎవరిదైనా కావచ్చు. దుమ్ములోంచి మువ్వల చప్పుడు మాత్రం దగ్గరైంది.

మువ్వలు. మాలకొండయ్య చెవి ఆ చప్పుడు దగ్గర ఆగిపోయింది. సినిమాకు బండ్లు తోలిన పొద్దున తన జతకున్న ఒక్క మువ్వల పట్టెడా తెగిపోయింది. సినిమాలో బోసిమెడతో ఏం బాగుంటదిరా బావా అని, గురవయ్య తన జతలో ఒక ఎద్దు మెడలోది విప్పి మాలకొండయ్య ఎద్దుకు కట్టాడు. రెండు జతలకీ తలా ఒక పట్టెడ. ముప్పై ఏళ్ళుగా కొమ్ములూ మూపురాలూ గుర్తుపెట్టుకుని, ఈ ఒక్కటి ఎట్టా మరిచిపోయాడో అతనికే అంతుపట్టలేదు. పక్కకు చూశాడు. గురవయ్య కూడా తల ఒకవైపుకు వాల్చి, ఆ చప్పుడే వింటున్నాడు.

దుమ్ము అణగకముందే సినిమా వేరే సంగతిలోకి పోయింది. కాసేపటికి అయిపోయింది కూడా.

దీపాలు వెలిగాయి. "ఎవుడి జతో చెప్పు మామా!" అని దస్తగిరి అరిచాడు. మండలివాళ్ళు అతని నోరు మూశారు. అధ్యక్షులవారు వీపు తిప్పకుండానే విచారణ మొదలుపెట్టారు.

"మొదటి సాక్షి. జనము తల తిప్పిరా?"

"తిప్పలా."

"మంచిది. మీ చూపు తెరమీద పడెనా? పడినచో ఏమి కనపడెను?"

గోడౌనులో తుమ్ములు కూడా ఆగిపోయాయి. మాలకొండయ్యకు చాలా తేలిక. నా జత అంటే చాలు. గురవయ్య నా జత అంటాడు. సినిమా చూడబడనిదిగా మిగులుతుంది, దండలు పడతాయి, శేషావతారం ఉద్యోగం ఉంటుంది, రేపు పొద్దున మళ్ళీ పీటలు చెరో గోడకి. శేషావతారం చేతులు జోడించి పెదాలతోనే 'మీ ఎద్దులు, మీ ఎద్దులు' అని అందిస్తున్నాడు.

మాలకొండయ్య పొగాకు వాసన గుండెలనిండా పీల్చాడు.

"దుమ్ము," అన్నాడు.

"ఏమి?"

"దుమ్మేనయ్యా. ఇంకేం కనపళ్ళా."

అధ్యక్షులవారి మెడలో దండ కాస్త వణికింది. "ఫరవాలేదు. రెండవ సాక్షి వేరుగా చెప్పును. ఆయనకు కనపడినది ఎద్దులని మా నమ్మకము. చెప్పవయ్యా, గట్టిగా చెప్పు."

గురవయ్య లేచి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, గోడను చూస్తున్న అధ్యక్షులవారి వీపును చూశాడు. జనాన్ని చూశాడు. ఆ తర్వాత బల్ల రెండో కొసకు తిరిగాడు.

"దుమ్మే," అన్నాడు. "దుమ్ము మాత్రం బ్రెమ్మాండంగా లేపాం గదా బావా!"

గోడౌను ఒక్క ఊపున లేచింది. కుర్చీలు పడ్డాయి. ఎవరో ఈల వేశారు. అధ్యక్షులవారు మర్యాద మరిచి ఇటు తిరిగారు, తిరగడంతో తెరను చూశారు. అదృష్టం కొద్దీ అది అప్పటికి తెల్లగా ఉంది. "ఇద్దరును ఒకే మాట!" అన్నారు తల పట్టుకుని. "దృశ్యము చూడబడినది! అయితే దుమ్ము చూచుట చిత్రము చూచుటయా, కాదా? దుమ్ము ఎద్దులదా, చిత్రముదా? దీనిపై ఉపసంఘము వేయవలెను. అంతవరకు సన్మానము నిలిపివేయడమైనది." దండ తీసి జీపులో వేసుకున్నారు. మండలివాళ్ళు రీళ్ళు, గంతలు, బ్యానరు సర్దుకుని, ఎక్కినవాళ్ళు ఎక్కగా జీపు పోనిచ్చారు. ఎక్కమని ఎవరూ అనని మనిషి ఒక్కడు మిగిలాడు.

శేషావతారం మాలకొండయ్య ఇంటి నులకమంచం మీద కూర్చుని మెట్టదారిలో పోతున్న జీపును చూస్తున్నాడు. జీపు కనపడటం లేదు, దుమ్మే.

"చేపల శాఖకేనా అయ్యా?" అంది వెంగమ్మ.

"అంతేనమ్మా."

"వాటినన్నా చూడనిస్తారా?"

"చూడొచ్చమ్మా. చేపల్ని ఎంతమంది చూసినా ఆడిటుకు అభ్యంతరం లేదు," అన్నాడు శేషావతారం. ఆ మాట అన్నాక అతని మొహం కాస్త తేటపడింది.

వెంగమ్మ అలవాటు కొద్దీ ఒక పీట తూర్పు గోడకి, ఒక పీట పడమటి గోడకి వేసింది. మధ్యలో చుట్టానికి చాప పరిచింది. గురవయ్య వచ్చి తన పీటను కాలితో ఇటు తిప్పుకుని కూర్చున్నాడు. మాలకొండయ్య చూసి, తన పీట అటు తిప్పాడు. మోకాలికి మోకాలు తగిలింది. ఇద్దరిలో ఎవరూ జరగలేదు.

ఆవిర్లు కక్కే సజ్జసంగటి పెట్టి, గుంటలో గోంగూర పులుసు పోసి, వెంగమ్మ గరిటెతో నిలబడింది. ఎప్పుడూ రెండో ముద్దకే ఒక మాట వచ్చేది, మోయడానికి. రెండో ముద్ద అయింది. మూడోది అయింది. మాలకొండయ్య తన కంచంలోని ఉల్లిపాయ చితక్కొట్టి సగం గురవయ్య కంచంలో వేశాడు. గురవయ్య తిన్నాడు. శేషావతారం తలవంచుకుని తిన్నాడు. మాట రాలేదు.

ఇంకాసేపు చూసి, వెంగమ్మ తన కంచంలో కూడా సంగటి పెట్టుకుని వాళ్ళ పక్కనే చతికిలబడింది. వేడి కూడు తిని ఎన్నాళ్ళయిందో, మొదటి ముద్దకే నాలుక కాలింది. ఊదుకుంటూ తిన్నది.